కోపెన్‌హేగెన్‌ని సైకిల్ మీద చూడాలనుకుంటున్నాం – వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే. సెప్టెంబరులో మా ఆయనకి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో ఆఫీసు పని ఉంది. వెనకాలే నేనూ, మా అమ్మాయీ వెళ్తున్నాం (దానికి పదకొండేళ్లు). ఆయన పని అయిపోయాక ముగ్గురం కలిసి ఊరు చూడాలని ప్లాను. ఎవరినడిగినా "సైకిళ్లు తీసుకోండి, అదే పద్ధతి" అంటున్నారు. నాకు సైకిల్ వచ్చు గానీ కాలేజీ అయ్యాక ముట్టుకోలేదు. మా అమ్మాయి తొక్కడమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్లోనే. మాలాంటివాళ్లు అక్కడి రోడ్ల మీద దిగొచ్చా? లేక బుద్ధిగా బస్సెక్కి కూర్చోమంటారా?

బెజవాడ_బాబాయ్:
బెంజి సర్కిల్ దాటినవాళ్లకి కోపెన్‌హేగెన్ ఒక లెక్కా అమ్మా! ధైర్యంగా దిగిపో.

హార్బర్_రాజు:
బాబాయ్ గారూ, చిక్కంతా అక్కడే. బెంజి సర్కిల్లో ఎవడు ఎటు నుంచి వస్తాడో తెలీదు కాబట్టి అందరూ నాలుగు దిక్కులా చూసుకుంటూ పోతారు. ఇక్కడ అలా కాదు. ముందున్నవాడు రూలు ప్రకారమే వెళ్తాడని నమ్మేసి వెనకాలవాళ్లు జోరుగా వచ్చేస్తుంటారు. ఆ నమ్మకాన్ని మీరు చెడగొట్టకుండా ఉంటే చాలు, ఇంతకంటే నిశ్చింతగా సైకిల్ తొక్కే ఊరు దొరకదు.

గోదారి_గట్టు గారూ, నేను ఈ ఊళ్లోనే వెస్టర్‌బ్రోలో ఉంటాను. ఆఫీసుకి, కూరగాయలకి, పిల్లాడి స్కూలుకి అన్నిటికీ సైకిలే. ఇక్కడ పెద్ద రోడ్లన్నిటికీ రెండు వైపులా సైకిల్ దారి ఉంటుంది. ఊరికే గీత గీసింది కాదు. కారు రోడ్డు కంటే కొంచెం ఎత్తులో, ఫుట్‌పాత్ కంటే కొంచెం కింద, మధ్యలో రాతి అంచు పెట్టి కట్టింది. చాలాచోట్ల పార్కింగ్‌లో ఉన్న కార్లు మీకూ, నడిచే కార్లకీ మధ్య అడ్డుగోడలా ఉంటాయి. కాబట్టి కార్ల భయం పెట్టుకోకండి. మీరు చూసుకోవాల్సింది సాటి సైకిళ్లనే.

అన్నిటికంటే ముఖ్యం ఎడమ వైపు తిరగడం. ఇక్కడ బండ్లన్నీ కుడి పక్కన నడుస్తాయని గుర్తుంచుకోండి. మనూళ్లో కుడికి తిరగాలంటే మెల్లగా రోడ్డు మధ్యకి జరిగి తిరుగుతాం కదా, ఇక్కడ ఎడమకి అలా చేయకూడదు, చట్టమే ఒప్పుకోదు. కూడలిని తిన్నగా దాటేసి, అవతలి మూల కుడి అంచున ఆగి, సైకిల్‌ని ఎడమకి తిప్పుకుని, ఆ వైపు పచ్చ లైటు పడ్డాక వెళ్లాలి. రెండు విడతల్లో తిరగడమన్నమాట. మొదట్లో చాదస్తంలా అనిపిస్తుంది గానీ మీ అమ్మాయికి ఇదే క్షేమం. కార్ల మధ్యలోకి వెళ్లే పనే ఉండదు.

ఆగే ముందు చెయ్యి పైకెత్తాలి, మోచెయ్యి మడిచి, క్లాసులో పిల్లలు "ప్రెజెంట్ సార్" అన్నట్టు. కుడికి తిరిగేటప్పుడు కుడి చెయ్యి చాపాలి. ఎర్ర లైటుకి కుడికి తిరిగిపోవచ్చనుకోకండి, అలా బోర్డు ఉన్నచోట మాత్రమే కుదురుతుంది. ఫొటో తీసుకోవాలంటే ముందు ఫుట్‌పాత్ మీదికి ఎక్కి ఆగండి. సైకిల్ దారి మధ్యలో ఆగిపోయే టూరిస్టులంటే ఇక్కడివాళ్లకి ఒళ్లు మంట. ఫోను చేతిలో పట్టుకుని తొక్కితే పోలీసులు జరిమానా వేస్తారు, అదీ గట్టిగానే.

నడకే_నయం:
నా మాట కొంచెం ఎదురుగా ఉంటుంది, ఏమనుకోకండి. సైకిల్ లేకపోతే కోపెన్‌హేగెన్ చూడలేమన్నట్టు అందరూ చెప్పడం అతి. పాత ఊరు చాలా చిన్నది. స్ట్రోయెట్ బజారు, రౌండ్ టవర్, రోజెన్‌బోర్ కోట, న్యూహావ్న్ రంగురంగుల ఇళ్లు, ఇవన్నీ నడిచి చూసేవే. పైగా స్ట్రోయెట్‌లో సైకిల్ తొక్కనివ్వరు, దిగి నడిపించుకుంటూ పోవాలి. ఆ జనంలో సైకిల్‌ని తోసుకుంటూ తిరగడం కంటే చేతులూపుకుంటూ నడవడం హాయి కాదా? అద్దె కట్టి సైకిల్‌ని షికారు తిప్పినట్టుంటుంది.

రెండు_చక్రాలు:
నడకే_నయం అన్నా, నడిబజారు వరకు నీ మాట కరెక్టే. కానీ ఆ ఊరికి పోయి నడిబజారే చూసి వస్తే ఏం లాభం? నేను హైదరాబాద్ నుంచి పోయిన, వారమంతా సైకిల్ మీదనే ఉన్న. నాకు నచ్చినయన్నీ పాత ఊరు బయటనే ఉన్నయి.

హార్బర్ చుట్టూ ఒక రూటు ఉంటది, హావ్న్‌రింగెన్ అంటరు. మొత్తం 13 కిలోమీటర్లు. ఒక పూట మంచిగ సరిపోతది. ఎత్తు పల్లాలు ఉండయి. చిన్నపిల్ల గూడ తొక్కుతది.

హార్బర్_రాజు:
రెండు_చక్రాలు చెప్పిన రూటే నేనూ చెప్పబోయాను. అయితే ఎటు నుంచి మొదలుపెడితే బాగుంటుందో చెప్తాను. డూబ్బెల్స్‌బ్రో స్టేషన్ పక్కన షాపింగ్ మాల్ ఉంటుంది, దాని వెనక నుంచి మొదలుపెట్టండి. అక్కడే సైకెల్‌స్లాంగెన్ ఉంది. 2014లో తెరిచారు, పాములా మెలికలు తిరుగుతూ నీళ్ల మీదుగా వెళ్లే నారింజరంగు సైకిల్ వంతెన. నడిచేవాళ్లకి అందులో చోటు లేదు. అది రాకముందు జనం సైకిల్‌ని మెట్ల మీద చేత్తో మోసుకుని దిగేవాళ్లు. మొత్తం పొడవు 200 మీటర్ల పైచిలుకే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. మీ అమ్మాయి మళ్లీ ఇంకోసారి అంటుంది, చూడండి. వాలులో బ్రేకు మీద కాస్త ధ్యాస ఉంచమనండి.

దాని కొసన బ్రూగెబ్రోఎన్ అనే వంతెన తగులుతుంది. 2006 నాటిది, కార్లకి ప్రవేశం లేదు. అది దాటితే ఇస్లాండ్స్ బ్రూగె. నీళ్ల పక్కన పచ్చిక, ఎండ కాస్తే చాలు జనం అక్కడే పడుంటారు. హార్బర్ నీళ్లలోనే ఈతకొలను కట్టారు. ఒకప్పుడు ఓడల మురికీ, డ్రైనేజీ నీళ్లూ కలిసిన చోటు అది, ఇప్పుడు పిల్లలు దూకుతున్నారు. సెప్టెంబరులో నీళ్లు చల్లగా ఉంటాయి, అయినా దూకేవాళ్లు దూకుతారు.

అక్కడి నుంచి క్రిస్టియాన్స్‌హావ్న్ వైపు సాగితే సర్కెల్‌బ్రోఎన్ వస్తుంది. అయిదు గుండ్రటి తిన్నెలు ఒకదానికొకటి అతికించినట్టుండే చిన్న వంతెన, ఒలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు డిజైన్ చేశాడు, 2015లో తెరిచారు. తిన్నగా దూసుకుపోవడానికి వీల్లేకుండా కావాలనే అలా కట్టారు. మెల్లగా వెళ్లండి, నడిచేవాళ్లు ఎక్కువ. ఆ తర్వాత కాలవల పక్కనే వెళ్తే ఇందర్‌హావ్న్స్‌బ్రోఎన్, దాని మీదుగా న్యూహావ్న్‌లోకి దిగుతారు. ఇది 2016లో గానీ తెరుచుకోలేదు, మూడేళ్ల ఆలస్యం. అందరూ ముద్దు వంతెన అని ఎగతాళి చేశారు, రెండు సగాలూ ఎదురెదురుగా జరిగి మధ్యలో కలుస్తాయి కాబట్టి. ఓడ వస్తే రెండూ వెనక్కి జరుగుతాయి, గేటు పడుతుంది. వంతెన నడుమ దారి చటుక్కున వంకర తిరుగుతుంది, అక్కడ వేగం పనికిరాదు.

నడకే_నయం గారి మాట కూడా కలుపుకుని చెప్తున్నా. న్యూహావ్న్‌కి చేరాక సైకిళ్లకి తాళం వేసి, పాత ఊరంతా నడిచి చూడండి.

నడకే_నయం:
ఇదైతే ఒప్పుకుంటా.

విశ్రాంత_మాస్టారు:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి అక్కడ పనిచేస్తున్నందున నేనూ, మా ఆవిడా ఒక వేసవి గడిపి వచ్చాము. నా వయసులో సైకిలేమిటని మా ఆవిడ మొదట ససేమిరా అన్నది. నేను ఉద్యోగమంతా పల్లెటూళ్లలో సైకిల్ మీద బడికి వెళ్లినవాణ్ణి కనుక వినలేదు.

సరస్సుల మీద ఉన్న డ్రానింగ్ లూయిసెస్ వంతెన దగ్గర ఉదయం పూట నిలబడి చూడండి. తొక్కనవసరం లేదు, ఊరికే నిలబడండి. రోజుకు 40 వేలకు పైగా సైకిళ్లు ఆ వంతెన దాటుతాయి. ఎర్ర లైటు పడగానే ఒక్కొక్కరూ వచ్చి ఆగుతారు. ఒకాయన కోటూ టైతో, పక్కనే తడిజుట్టుతో ఒక అమ్మాయి, ఆ వెనక ముందు భాగాన పెట్టె బిగించిన మూడు చక్రాల సైకిల్ మీద ఒక తల్లి, ఆ పెట్టెలో ఇద్దరు పిల్లలు అరటిపండు తింటూ. ఎవరూ మాట్లాడరు, బెల్లు కొట్టరు. అక్కడ పచ్చ లైటుకు ముందు ఎరుపుతో బాటు పసుపు కూడా ఒక్క క్షణం వెలుగుతుంది. ఆ పసుపు కనబడిందో లేదో, అందరి కాళ్లూ పెడళ్ల మీదికి వెళ్తాయి. పచ్చ పడేసరికి ముందు వరస అప్పటికే కదిలి ఉంటుంది. కొత్తవారు తడుముకుంటే వెనకవారికి ఇబ్బంది. అందుకని నేను ఎప్పుడూ కుడి అంచునే ఉండేవాణ్ణి. దాటేవారు ఎడమ వైపు నుంచి చిన్నగా బెల్లు కొట్టి దాటిపోయేవారు. ఆ బెల్లు కోపంతో కొట్టేది కాదు, "వస్తున్నాను" అని చెప్పడమే.

ఒక హెచ్చరిక. కొన్ని బస్‌స్టాపుల్లో బస్సు దిగినవారు తిన్నగా సైకిల్ దారిలోకే అడుగు పెడతారు. దిగేందుకు వేరే తిన్నె లేనిచోట ఆగవలసింది మనమే, వారు కాదు.

గోదారి_గట్టు:
మాస్టారూ, మీరు రాసింది చదువుతుంటే అక్కడే నిలబడ్డట్టుంది. రాజు గారూ, రూటు మొత్తం కాగితం మీద రాసుకున్నాను. ఇప్పుడు అసలు భయం చెప్తాను. సైకిల్ ఎక్కడ తీసుకోవాలి, ఎలాంటిది తీసుకోవాలి? నా ఎత్తు అయిదడుగులే. ఆ దేశంవాళ్లందరూ తాటిచెట్లంత ఉంటారట కదా!

మాల్మో_వాణి:
గోదారి_గట్టు గారూ, నేను సముద్రానికి అవతల స్వీడన్ ఊరు మాల్మోలో ఉంటాను. వారాంతాల్లో అక్కడికి వెళ్తుంటా. నా ఎత్తూ మీ ఎత్తే కాబట్టి ఇది నా సబ్జెక్టు!

ఆప్‌తో తాళం తీసుకునే అద్దె సైకిళ్లు ఊరంతా కనిపిస్తాయి. గంటా రెండు గంటల పనికి అవి బాగానే ఉంటాయి. కానీ అమ్మాయి కొలతకి సరిపడేది అందులో దొరకడం కష్టం. పైగా వాళ్లు చెప్పిన చోటే వదలాలి. నేనొకసారి ఒక ఆప్ సైకిల్‌ని చెప్పిన గీతకి కాస్త ఇవతల పెట్టానని అదనంగా డబ్బు లాగేశారు. అడిగితే జవాబు లేదు. మీకు నా సలహా, అద్దె సైకిళ్ల కొట్టుకే వెళ్లండి. చాలా హోటళ్లలో కూడా ఇస్తారు. కొట్టులో అయితే సీటు దించి ఇస్తారు, పిల్లల సైజులు ఉంటాయి, గాలి చూసి ఇస్తారు.

సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాల మునివేళ్లూ నేలకి తగిలేట్టు దించమనండి. ఎలా తొక్కాలో తెలిసినవాళ్లు సీటు ఎత్తుగా పెట్టుకోమంటారు, వినకండి. మొదటి రోజు ధైర్యం ముఖ్యం. ఆడవాళ్ల మోడల్, అంటే మధ్యలో అడ్డ కడ్డీ లేనిది అడగండి. మగవాళ్లు కూడా అవే తొక్కుతుంటారు అక్కడ.

ఇక ఇది తప్పకుండా చూసుకోండి. చాలా సైకిళ్లకి వెనక బ్రేకు చేతిలో ఉండదు, పెడల్‌లో ఉంటుంది. వెనక్కి తొక్కితే చక్రం పట్టేస్తుంది. మనకేమో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెడల్‌ని వెనక్కి తిప్పుకుని సర్దుకునే అలవాటు. ఇక్కడ అది తిరగదు. ఆగబోయే ముందే కుడి పెడల్ పైకి వచ్చేలా చూసుకుని ఆపాలి, అప్పుడే మళ్లీ బయల్దేరడం తేలిక. మీ అమ్మాయికి ఇది ముందే చెప్పి, కొట్టు ఎదుటి సందులో అటూ ఇటూ తిప్పించండి. రెండు చేతి బ్రేకులూ ఉన్న సైకిల్ కావాలంటే అడిగితే ఇస్తారు.

తాళం వెనక చక్రానికే బిగించి ఉంటుంది, చక్రం చుట్టూ వలయంలా మూసుకుంటుంది. తాళం వేస్తేనే చెవి బయటికొస్తుంది. రాత్రంతా బయట వదిలేటట్టయితే గొలుసు కూడా అడగండి. ఆ ఊళ్లో మిగతా నేరాలు తక్కువేమో గానీ సైకిల్ దొంగలు మాత్రం ఉన్నారు.

బెజవాడ_బాబాయ్:
అమ్మయ్య, దొంగలున్నారన్నావు. ఇప్పుడు మనూరులా అనిపిస్తోంది.

రెండు_చక్రాలు:
వాణి అక్క, గాలి సంగతి చెప్పలే. ఊరు చదునుగ ఉంటది, నిజమే. కానీ సముద్రం గాలి ఎదురుగ కొడితే ఫ్లైఓవర్ ఎక్కినట్టే ఉంటది. పొద్దున గాలి ఎటు ఉందో ఫోన్ల చూస్కొని, పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి ఉండేటట్టు రూటు పెట్టుకుంటే సాయంత్రం కాళ్లు మిగులుతయి. గేర్లున్న సైకిలే తీసుకోండ్రి.

హెల్మెట్ తప్పనిసరి కాదు అక్కడ, పెట్టుకోనోళ్లే కనిపిస్తరు మస్తుగ. కానీ కొత్తగ తొక్కేటోళ్లు పెట్టుకోండ్రి, కొట్ల అడిగితే ఇస్తరు.

ఇంకొక మాట. మా దగ్గర ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లు, 2023ల తెరిచిన్రు. మంచిగుంటది, నేను ఆదివారం పోత. కానీ అక్కడిదాక సైకిల్‌ని కారుల పెట్టుకొని పోయేటోళ్లే ఎక్కువ. కోపెన్‌హేగెన్‌ల ఇంటి గుమ్మం కాడనే మొదలైతది ట్రాక్. అందుకే ఎవ్వరికి స్పెషల్ బట్టలు ఉండయి. నేను సైక్లింగ్ జెర్సీ ఏస్కొని పోతే నన్నే వింతగ చూసిన్రు.

గోదారి_గట్టు:
ఏ టైములో తొక్కడం మంచిది? ఉదయం పెందలాడే లేచి ఖాళీగా ఉన్నప్పుడు వెళ్దామా?

హార్బర్_రాజు:
పెందలాడే వద్దు. పనిరోజుల్లో ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, మళ్లీ మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదున్నర దాకా ఆఫీసువాళ్ల హడావుడి. ఇక్కడ నాలుక్కే ఇంటికి బయల్దేరతారు. పదింటికి మొదలుపెట్టి మూడింటికి ఎక్కడో ఒకచోట కాఫీకి ఆగిపోండి. ఆదివారం ఉదయమైతే ఎప్పుడైనా ఫరవాలేదు, దారులన్నీ మీవే.

చీకటి పడితే ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. అద్దె సైకిల్‌కి ఉంటాయి, వెలుగుతున్నాయో లేదో చూసి తీసుకోండి.

విశ్రాంత_మాస్టారు:
ఒక సందేహం తీరితే బాగుండునని మా అబ్బాయిని అడిగాను. ఈ దేశమంతా మొదటి నుంచీ ఇలాగే సైకిళ్లతో ఉండేదా అని. కాదట. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వీరూ కార్ల వెంట పడ్డవారే. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు ఆదివారాలు కార్లు నడపకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆ తరువాతి సంవత్సరాల్లో సైకిల్ దారులు కావాలని వేలాది మంది నగరసభ భవనం ముందు చేరి ఆందోళన చేశారు. కార్ల మీద పన్నులు కూడా భారీగానే ఉంటాయి. అడిగి, పోరాడి తెచ్చుకున్న దారులు ఇవి.

బెజవాడ_బాబాయ్:
మాస్టారూ, చరిత్ర బాగుంది. ఇంతకీ ఆకలేస్తే ఏం తినాలి? అక్కడ అన్నీ చేపలూ, పంది మాంసమూ అంటారు. ఈవిడ శాకాహారమైతే?

హార్బర్_రాజు:
శాకాహారమైతే నోరెబ్రో వైపు తొక్కండి. మాస్టారు చెప్పిన వంతెన దాటగానే నోరెబ్రోగేడ్ అనే పెద్ద వీధి, వలస వచ్చినవాళ్ల పేట. ఫలాఫెల్ కొట్లు వరసగా ఉంటాయి, వేడివేడిగా చుట్టి ఇస్తారు, ధర కూడా ఊళ్లో మిగతాచోట్లతో పోలిస్తే నయం. ఆ వీధిలో ఇంకో ముచ్చట. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే వరసగా అన్ని సిగ్నళ్లూ పచ్చగా వచ్చేలా టైము పెట్టారు, ఉదయం ఊళ్లోకి వచ్చే వైపు, సాయంత్రం బయటికి వెళ్లే వైపు. మీరు ఆ వేగం కోసం ఆయాసపడనక్కర్లేదు, ఆగి ఆగి వెళ్లండి.

తిన్నాక అసిస్టెన్స్ శ్మశానవాటికకి వెళ్లండి. శ్మశానమేమిటని కంగారు పడకండి, అక్కడ అదొక తోట. జనం పుస్తకాలు చదువుకుంటూ కూర్చుంటారు. అందులో సైకిల్‌కి అనుమతి ఉన్న దారి వేరుగా ఉంది, అది వదిలి పక్కకి పోవాలంటే దిగాలి. కథల హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ సమాధి, పరమాణు నమూనా చెప్పిన శాస్త్రవేత్త నీల్స్ బోర్ సమాధి రెండూ అక్కడే. మీ అమ్మాయి సైన్సు పుస్తకంలో బోర్ పేరు చదివే రోజు ఎలాగూ వస్తుంది. ఇంకాస్త ముందుకి పోతే సూపర్‌కీలెన్ పార్కు. నేలంతా ఎరుపు ఒకచోట, నల్లటి నేల మీద తెల్ల గీతలు ఇంకోచోట. ఆ పేటలో ఉండేవాళ్ల సొంత దేశాల నుంచి వస్తువులు తెచ్చి పెట్టారు. మొరాకో నీటి ఫౌంటెన్, జపాన్ ఆక్టోపస్ జారుడుబల్ల. సైకిల్ దారి పార్కు మధ్యలో నుంచే వెళ్తుంది.

నడకే_నయం:
వాన పడితే?

మాల్మో_వాణి:
తొక్కుతారు. లేదా ఎస్-టోగ్ ఎక్కేస్తారు, ఊరి లోకల్ రైలు. అందులో సైకిల్‌కి టికెట్ లేదు, 2010 నుంచీ ఉచితం. సైకిల్ బొమ్మ ఉన్న పెట్టెలోనే ఎక్కాలి. రద్దీ వేళల్లో నోరెపోర్ట్ స్టేషన్లో మాత్రం సైకిల్‌తో ఎక్కడం దిగడం కుదరదు. మెట్రోలో అయితే సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి, రద్దీ టైముల్లో ఎక్కనివ్వరు.

ఈ రైలు సదుపాయం వాడుకుని ఒక రోజు డ్యూరెహేవెన్‌కి వెళ్లండి. రైల్లో క్లాంపెన్‌బోర్ దాకా సైకిళ్లు వేసుకుని వెళ్లి, అక్కడ దిగగానే అడవి. రాజుల కాలం నాటి వేట అడవి, యునెస్కో జాబితాలో ఉంది. జింకలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. సెప్టెంబరు చివర్లో వెళ్తున్నారంటే మగ జింకలు అరుస్తుంటాయి, దూరం నుంచే చూడాలి. వచ్చేటప్పుడు ఓపికుంటే సముద్రం పక్క రోడ్డు మీదుగా ఊళ్లోకి తొక్కుకుంటూ రండి, పది కిలోమీటర్ల పైన ఉంటుంది. లేకపోతే మళ్లీ రైలే.

గోదారి_గట్టు:
ఇది బ్రహ్మాండంగా ఉంది వాణి గారూ. రేపటి నుంచి పొద్దున్నే మా కాలనీ పార్కు చుట్టూ ఇద్దరం ప్రాక్టీసు, చెయ్యెత్తి ఆగడంతో సహా. మా ఆయనకి ఇవేమీ చెప్పలేదు ఇంకా. ఆయన పొట్ట వేసుకుని ఎలా తొక్కుతారో చూడాలి.

హార్బర్_రాజు:
అన్నగారికి బ్యాటరీ సైకిల్ తీసుకోండి. అద్దె ఎక్కువే, కానీ ఎదురుగాలిలో ఇంట్లో గొడవలుండవు.

రెండు_చక్రాలు:
వాణి అక్కా, నాదొక డౌటు. వచ్చే ఏడు మళ్లొస్తున్న. ఆ పెద్ద ఓరెసుండ్ బ్రిడ్జి మీద సైకిల్ తొక్కుకుంట మాల్మో రావొచ్చా?

మాల్మో_వాణి:
రాలేవు తమ్ముడూ. ఆ వంతెన మీద కార్లకీ రైళ్లకే దారి, సైకిల్‌కి లేదు. రైల్లో తెచ్చుకోవచ్చు గానీ అది ఎస్-టోగ్ కాదు, సైకిల్‌కి టికెట్ వేరే కొనాలి, జాగా కూడా ఉండాలి. దాని బదులు ఖాళీ చేతులతో వచ్చి మాల్మో స్టేషన్ దగ్గరే అద్దెకి తీసుకో. వచ్చే ముందు మెసేజ్ పెట్టు.